తొమ్మిదో నంబరు ఎగిరితే ఇంట్లో ఉండవచ్చా?

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో, సముద్రానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. ఒకే అంతస్తు డాబా ఇల్లు, వెనుక రేకుల వంటిల్లు, దొడ్లో రెండు గేదెలు. ఇంట్లో మామయ్యగారు, అత్తయ్యగారు, మా వారు, నేను, ఇద్దరు పిల్లలు. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో గొడవే. 1977 ఉప్పెనలో మామయ్యగారు తాటిచెట్టు పట్టుకుని బయటపడ్డారు. ‘అంతటి ఉప్పెననే చూశాను. అప్పుడు ఉన్నది తాటాకు ఇల్లు, ఇప్పుడు సిమెంటు డాబా. ఓడరేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినప్పుడు చూద్దాం’ అంటారు. గేదెలను వదిలి రానంటారు. అత్తయ్యగారికి సుగర్, రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఒకసారి తుపాను షెల్టర్‌లో ఆడవాళ్ల అవస్థ చూశాక ఆవిడ కూడా కదలనంటున్నారు. మా వారు ఆ రాత్రుళ్లు రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులోనే ఉంటారు. కిందటి తుపానుకు నేను పిల్లలను తీసుకుని అవనిగడ్డలో మా పిన్ని ఇంటికి వెళ్లాను. మా ఊళ్లో ఏమీ జరగలేదు. అప్పటి నుంచి నాకు పిరికిదని పేరు పడింది. మళ్లీ తుపానుల కాలం వస్తోంది. ఇంట్లోనే ఉండవచ్చా, వెళ్లిపోవాలా? వాళ్లను ఏం చెప్పి ఒప్పించాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు ఆ పిరికిదన్న మాట సంగతి చూద్దాం. పసిపిల్లలను తీసుకుని మీరు వెళ్లడం సరైన పని. తరువాత ఏమీ జరగకపోయినంత మాత్రాన అది తప్పయిపోదు. తుపాను చివరి గంటల్లో పక్కకు తిరగవచ్చు, బలహీనపడవచ్చు. ఒక రోజు ముందు అంచనా వేసిన చోటుకూ, నిజంగా తీరం దాటే చోటుకూ యాభై అరవై కిలోమీటర్ల తేడా రావడం ఈ రోజుల్లోనూ మామూలే. బాపట్లకూ మచిలీపట్నానికీ మధ్య ఉన్న దూరం అంతకంటే మరీ ఎక్కువేం కాదు. మీరు సరిగ్గా ఆ మధ్యలో ఉన్నారు. కాబట్టి ఒకటి రెండు సార్లు ఊరికే వెళ్లి రావడం మీ ఊరివాళ్లకు తప్పదు. బస్సు చార్జీలు దండగ అనుకుంటే అనుకోనివ్వండి.

ఇక అసలు విషయం. మీరూ మామయ్యగారూ ఒకే సంగతి మీద వాదించుకోవడం లేదు. ఆయన మాట్లాడుతున్నది గాలి గురించి. మంచి ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు ఉన్న ఇల్లు తుపాను గాలికి చాలావరకు తట్టుకుంటుంది, ఆ మాటలో అబద్ధం లేదు. మీరు భయపడుతున్నది నీటికి. నీళ్లు వచ్చినప్పుడు ఇల్లు తాటాకుదా, సిమెంటుదా అన్నదానికంటే అది నిలబడిన నేల ఎంత ఎత్తులో ఉందన్నది ముఖ్యం. మీ దివిసీమలో నేల ఎత్తు ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు. పోటు సమయంలో డ్రెయిన్లలోకి ఉప్పునీరు ఎగదన్నడం మీరు ఏటా చూసేదే.

కొలతల్లో చూద్దాం. మీ శ్లాబు ఇంటి గచ్చు నుంచి పది పదకొండు అడుగులు ఉంటుంది, అరుగు రెండు మూడు అడుగులు. అంటే డాబా పైకి ఎక్కితే పన్నెండు నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తులో ఉంటారు. 1977 నవంబర్ 19న తీరం దగ్గర లేచిన నీటి ఎత్తు సుమారు 5 మీటర్లు, అంటే పదహారు అడుగులు. లోపలికి వచ్చేకొద్దీ ఆ ఎత్తు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ నీళ్లు మీ ఊరిని దాటి ఇంకా ఎంతో లోపలికి వెళ్లాయి. ‘నీళ్లొస్తే డాబా ఎక్కుతాం’ అని చాలామంది అంటారు. గంటకు నూట యాభై కిలోమీటర్ల గాలిలో, ఎగిరి వచ్చే రేకుల మధ్య, పిట్టగోడ కూడా లేని డాబా మీద డెబ్బై ఏళ్ల దంపతులు, ఇద్దరు పిల్లలు రాత్రంతా ఉండగలరా? గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగింతలవుతుంది. నలభై కిలోమీటర్ల గాలికే గొడుగు నిలవదు.

ఈ నీటి ఎత్తు విషయంలో మీకు పుస్తకాలకంటే మంచి ఆధారం ఇంట్లోనే ఉంది. తుపాను లేని రోజున, భోజనాల తరువాత, మామయ్యగారిని అడగండి: ‘అప్పుడు మన వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, మామయ్యగారూ? గుడి మెట్లు మునిగాయా? ఎటువైపు నుంచి వచ్చాయి? ఎంతసేపు ఉన్నాయి?’ చేత్తో చూపించమనండి. ఆ ఎత్తున గోడ మీద పిల్లల చేత బొగ్గుతో గీత గీయించండి. ఇంతకాలం మీరు ఆయన అనుభవంతో పోట్లాడుతున్నారు. ఆ అనుభవాన్నే కొలతగా వాడుకుంటే వాదన సగం తగ్గుతుంది. ఆ గీత కిటికీ పైకి వెళ్తే ఉండాలా వద్దా అని ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు.

తాటిచెట్టు సంగతి కూడా చెప్పాలి. ఆయన అదృష్టవంతుడు, గట్టివాడు కూడా. అయితే ఉప్పెన కథలు మనకు చెప్పేది చెట్టు దొరికినవాళ్లే. పట్టు జారినవాళ్ల కథ చెప్పేందుకు ఎవరూ మిగలలేదు. అధికారిక లెక్క ప్రకారమే ఆ ఉప్పెనలో 10 వేల మంది వరకు పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో ఆ రోజు ఏమైందో మీ మామయ్యగారికి నాకంటే బాగా తెలుసు. మరో సంగతి కూడా ఆయనకు గుర్తుండే ఉంటుంది. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం వైపు మరో భీకరమైన తుపాను వచ్చింది. అప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఇళ్లు, పైర్లు, పశువులు మాత్రం విపరీతంగా పోయాయి. ఆ పదమూడేళ్లలో ఇళ్లన్నీ డాబాలుగా మారిపోలేదు. ముందుగా కబురు అందింది, జనాన్ని ముందే పెద్ద ఎత్తున తరలించారు. ఆ తేడా డాబాది కాదు, ప్రయాణానిది.

ఇప్పుడు పదో నంబరు. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మామయ్యగారు ఒక్కరే కాదు, తీరంలో సగం మంది ఇలాగే అనుకుంటారు. ఓడరేవుల్లో ఎగరేసే ఈ సూచికలు ఓడల కోసం పెట్టినవి. ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నది మొత్తం మీద నిజమే గాని, 8, 9, 10 దగ్గర కాదు. ఈ మూడూ మహా ప్రమాద సూచికలే. వాటి మధ్య తేడా దిక్కుది. తీవ్ర తుపాను వెళ్లే దారికి ఓడరేవు ఎడమవైపు ఉంటే 8, కుడివైపు ఉంటే 9, ఓడరేవు మీదుగా గానీ బాగా దగ్గరగా గానీ దాటుతుందంటే 10. అంతకంటే కొంత తక్కువ తుపానుకు 5, 6, 7 కూడా ఇదే వరుసలో ఉంటాయి. ఇక 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం.

ఈ కుడి ఎడమలు ఎందుకు ముఖ్యమంటే, మన తుపానులు గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుపానుతో పాటు వాయవ్యంగా నడిచి వస్తున్నట్టు ఊహించుకోండి. మీ కుడిచేతి వైపు గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది, నీటిని తోసుకొస్తుంది. ఎడమచేతి వైపు నేల నుంచి సముద్రం వైపు కొడుతుంది. 1977 తుపాను దివిసీమ మీదుగా దాటలేదు, బాపట్ల, చీరాల వైపు తీరం దాటింది. దివిసీమ దానికి కుడివైపు ఉండిపోయింది. కాబట్టి మచిలీపట్నంలో తొమ్మిదో నంబరు ఎగిరిందంటే మీకు నీటి భయం పదో నంబరుకంటే తక్కువేమీ కాదు, ఎక్కువ కూడా కావచ్చు. పదో నంబరు కోసం ఆగితే ఆలోగా డ్రెయిన్ల మీద కల్వర్టులు మునిగిపోయి ఉంటాయి.

అసలు నంబర్లను పట్టించుకోకుండా, బులెటిన్‌లో రెండు సంగతులు వినండి. ఒకటి, తీరం ఎక్కడ దాటుతుందంటున్నారు. రెండు, ఉప్పెన ఎత్తు. ‘సాధారణ పోటు కంటే ఇన్ని మీటర్లు ఎక్కువగా’ అని వాతావరణ శాఖ చెబుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ కూడా ఏ మండలం తీరంలో ఎంత ఎత్తు రావచ్చో అంచనా ఇస్తుంది. టీవీలో గాలి వేగం గురించి అరిచినంతగా దీని గురించి అరవరు, అదే నాకు కోపం.

నా మాట ఇది. మీ కృష్ణ ముఖద్వారం దగ్గర గానీ, దానికి నైరుతిగా నిజాంపట్నం, బాపట్ల, చీరాల వైపు గానీ తీవ్ర తుపాను తీరం దాటుతుందంటే, పిల్లలతో పెద్దలతో ఆ ఇంట్లో ఉండవద్దు. ఉప్పెన సూచన ఉంటే మరో ఆలోచనే వద్దు. కాకినాడకు అవతల దాటుతుందని స్పష్టంగా తేలినప్పుడు, అధికారులు ఖాళీ చేయమని చెప్పనప్పుడు ఇంట్లో ఉండవచ్చు. వెళ్లేది తీరం దాటడానికి ఇరవై నాలుగు గంటల ముందు, పగటి వెలుగులో. గాలి మొదలయ్యాక ఆ రోడ్డు మీద చెట్లు, తీగలు, స్తంభాలు మనకంటే ముందుంటాయి. అవనిగడ్డ పిన్నిగారి ఇంటికి పై అంతస్తు ఉందేమో కూడా కనుక్కోండి. లేకపోతే చల్లపల్లి దాటి వెళ్లడం మేలు.

ఇక ఒప్పించడం. రెవెన్యూ ఉద్యోగంలో తీర మండలాల్లో తిరిగినవాడిని, ఇళ్ల ముందు నిలబడి బతిమాలినవాడిని. నేను గమనించినది ఒకటుంది. ‘నాకు భయం లేదు’ అనే పెద్దల వెనుక సాధారణంగా ఇంకేదో ఉంటుంది. కొందరికి ధాన్యం బస్తాలు, కొందరికి దొంగల భయం, కొందరికి పదిమందిలో చాప మీద పడుకోవాలన్న చిన్నతనం. మీ ఇంట్లో గేదెలు. ఆయనకు ఉప్పెన గురించి ఎంత చెప్పినా లాభం లేదు, గేదెల గురించి చెప్పండి. అల్పపీడనం వాయుగుండంగా మారిందన్న రోజునే వాటిని లోపలి ఊళ్లో చుట్టాల దొడ్లోకి తోలుకెళ్లే ఏర్పాటు చేయండి. ఆ పని మామయ్యగారికే అప్పగించండి. గేదెలతో ఆయనా అక్కడికే చేరతారు, ఎవరూ ఆయనను తరలించినట్టు ఉండదు. అది కుదరకపోతే కరకట్ట మీదికైనా తోలాలి. అదీ కుదరని చివరి పరిస్థితిలో పలుపులు విప్పి వదిలేయాలి. కట్టుగొయ్యకు కట్టి ఉన్న పశువుకు ఈదే అవకాశం కూడా ఉండదు.

అత్తయ్యగారి అభ్యంతరం న్యాయమైనది, దాన్ని మొండితనం అనకండి. షెల్టర్‌లో మరుగుదొడ్డి, నీళ్లు, ఆడవాళ్లకు వేరే గది ఉన్నాయో లేదో ఇప్పుడే, ఎండల్లోనే, ఇద్దరూ వెళ్లి చూసి రండి. తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. బాగులేకపోతే గ్రామ సచివాలయంలో కాగితం రాసి ఇవ్వండి, నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్తే ఇంకా మంచిది. చుట్టాల ఇల్లు దొరికితే ఆ గొడవే లేదు. ఇన్సులిన్ విషయంలో ఆందోళన వద్దు. వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా, వేడీ ఎండా తగలని చోట సాధారణంగా నాలుగు వారాల వరకు పనిచేస్తుంది. దానితో వచ్చిన కాగితంలో గడువు చూసుకోండి. చిన్న మట్టి పిడతలో పెట్టి, దాన్ని తడి ఇసుక పోసిన పెద్ద కుండలో ఉంచితే కరెంటు లేని రోజులు గడుస్తాయి. మంచుగడ్డ మీద నేరుగా పెట్టకూడదు, గడ్డకడితే మందు పాడవుతుంది. షెల్టర్‌లో భోజనం ఆలస్యమవుతుంది కాబట్టి సూది వేసుకున్నాక తినడానికి అటుకులో బిస్కట్లో, సుగర్ పడిపోతే వేసుకోవడానికి కాస్త పంచదారో ఆవిడ చేతి సంచిలోనే ఉండాలి.

మామయ్యగారి గురించి అంత రాసి, మీ వారి గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఉత్తరమంతటిలో నన్ను ఎక్కువ భయపెట్టినది ఆ వాక్యమే. మీ ఇంట్లో అందరికంటే ప్రమాదంలో ఉన్నది ఆయన. చెరువు గట్టు మీద షెడ్డు అంటే నాలుగు కర్రలు, నాలుగు రేకులు, చుట్టూ నీళ్లు, ఆ నీళ్లలోకి దిగిన కరెంటు తీగలు. గాలి పెరగగానే విద్యుత్ సిబ్బంది ముందుజాగ్రత్తగా సరఫరా ఆపేస్తారు, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఎలాగూ ఆగుతాయి. జనరేటర్ ఉందనుకున్నా, గట్టు తెగితే ఒక మనిషి చేయగలిగింది ఏమీ లేదు. సరుకు పట్టుబడికి దగ్గరగా ఉంటే ముందే పట్టేయడం గురించి ఆలోచించమనండి. అందరూ ఒకేసారి పడితే రేటు పడిపోతుంది, నష్టమే. ఆ నష్టానికి తరువాతి పంటలో దారి ఉంటుంది. పట్టలేకపోతే తూములు, గట్లు పగలే చూసుకుని, మోటార్ల మెయిన్ తీసేసి, చీకటి పడేలోపు మీరు ఉన్నచోటికి రావాలి. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు. మామయ్యగారి చేత చెప్పించండి. ఆ నీళ్లలో ఉండటం ఎలా ఉంటుందో ఇంట్లో తెలిసినవాడు ఆయన ఒక్కడే.

నీటి భయం లేని తుపానుకు ఇంట్లో ఉండిపోయేటప్పుడు ప్రమాదం గాలిది. ముందురోజే రేకుల వంటిల్లు ఖాళీ చేయండి, అన్నిటికంటే ముందు ఎగిరేది అదే. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టేకంటే కొక్కేలు సరిచూసి బిగించడం మేలు. సిలిండరు కట్టేసి, రెగ్యులేటర్ తీసి శ్లాబు కిందికి తెచ్చుకోండి. డాబా మీద నీళ్ల ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ట్యాంకు గాలికి లేచిపోతుంది, పైగా తరువాత ఆ నీళ్లే దిక్కు. ఇంటి మీదికి వాలిన కొబ్బరిచెట్టు ఉంటే కాయలు, ఎండు మట్టలు దింపించండి. రాత్రి అందరూ ఇంటి మధ్య గదిలో, కిటికీలకు దూరంగా ఉండాలి. తలుపులు, కిటికీలు అన్నివైపులా మూసి గడియలు వేయాలి. కొవ్వొత్తుల కంటే టార్చిలైట్లు నయం.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయిందనుకోండి. వాన కూడా తగ్గింది. అప్పుడు తలుపు తీయవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను దాటినప్పుడు కూడా మధ్యలో ఇలాగే కొంతసేపు శాంతించింది, తరువాత గాలి రెండో వైపు నుంచి మళ్లీ విరుచుకుపడింది. అది తుపాను కన్ను. అరగంట ఉండవచ్చు, ఇంకొంచెం ఎక్కువ కూడా ఉండవచ్చు. మొదటి విడతలో ఒకవైపుకు వాలిపోయిన చెట్లు, సగం ఊడిన రేకులు రెండో విడతలో పడతాయి, సరిగ్గా జనం బయటికి వచ్చి చూస్తున్నప్పుడు. తీరం దాటిందని, గాలి తగ్గుతోందని రేడియోలో విన్న తరువాతే గడియ తీయండి. బ్యాటరీ రేడియో ఇంట్లో లేకపోతే కొనండి. హుద్‌హుద్ తరువాత విశాఖ లాంటి నగరంలోనే రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. మీకు చిల్లరతో సహా కొంత నగదు చేతిలో ఉండాలి.

పిల్లల గురించి మీరు అడగలేదు గాని ఒక మాట. తాతగారు ఉప్పెన కథ చెబితే చెప్పనివ్వండి, అయితే హెచ్చరిక ఉన్న రోజుల్లో వద్దు. ఆ రోజుల్లో వాళ్లకు పని కావాలి. సీసాల్లో నీళ్లు నింపడం, టార్చిలు చూడటం, ఎవరి సంచి ఎవరిదో పేర్లు రాయడం. పనిలో ఉన్న పిల్లవాడికి భయం కొంచెం తగ్గుతుంది.

తిరిగి వచ్చాక తొందర వద్దు. తెగిపడిన తీగల్లో కరెంటు లేదనుకోకండి. మెయిన్ వేసే ముందు తడిసిన స్విచ్చిబోర్డులను ఎవరిచేతనైనా చూపించండి. నీళ్లకు పాములు ఇంట్లోకి చేరి ఉంటాయి. మంచం కింద, బట్టల్లో, కట్టెల్లో కర్రతో కదిపి చూసి గాని చేయి పెట్టవద్దు. కాటు పడితే మంత్రం వేసేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మంచినీళ్ల చెరువులో ఉప్పునీరు కలిసిందేమో నాలుకతో చూస్తే తెలుస్తుంది. కలవకపోయినా కాచి చల్లార్చి తాగండి. కాస్తే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు, అది ఉంటే ట్యాంకరే శరణ్యం. అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్‌కు 1070. ఫోను కలవకపోతే సందేశం పంపి చూడండి, మాట పోని చోట అది పోతుంది.

చివరగా కాగితాల పని, దీన్ని ఈ వారమే చేసేయవచ్చు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, అత్తయ్యగారి మందుల చీటీ రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, ఫొటోలు తీసి మీ పిన్నిగారి ఫోనుకు కూడా పంపండి. ఇంటిని, రేకుల షెడ్డును, చెరువును ఇప్పుడున్నట్టుగా నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి ఉంచండి, నష్టం రాసుకునే సిబ్బంది వచ్చినప్పుడు పక్కన పెట్టి చూపించడానికి. గేదెల చెవి ట్యాగు మీద పన్నెండు అంకెల నంబరు ఉంటుంది, అదీ రాసి పెట్టుకోండి. ట్యాగు లేకపోతే పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. పశువు పోతే పరిహారానికి పశువైద్యుడి ధ్రువపత్రం అడుగుతారు, అప్పుడు ఆ నంబరు పనికొస్తుంది.